జీవితాంతం విద్యార్థి: మన బలమెంత, బలహీనత ఎంత?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "పిల్లలకు బహుమతులిచ్చే రోజు కదా భాయ్, చదువు మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చదువు మీద నాలుగు మాటలు చెప్పేవాళ్ళు ఈ వేదిక మీద ఏటేటా ఉంటూనే ఉన్నారు. పిల్లలు వింటూనే ఉన్నారు. విని విని విసిగి కూడా ఉంటారు. అందుచేత ఈ ఏడాది పిల్లలకు సెలవిచ్చి, వాళ్ళ వెనక వరుసల్లో కూర్చున్న అమ్మానాన్నలతోనూ, తాతలతోనూ, నానమ్మలతోనూ మాట్లాడదామని నిశ్చయించుకున్నాను. పిల్లలూ, మీరు బహుమతులు చూసుకుంటూ కూర్చోండి. చెవి మాత్రం ఇటే ఉండనివ్వండి.

మన రాజాంలో 1997లో జి.ఎం.ఆర్. ఇంజనీరింగు కాలేజీ వెలిసిన తర్వాత 'ఇంటర్వ్యూ' అనే మాట మామూలు ఇళ్ళల్లోకి కూడా వచ్చింది. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంటుందట. మీ బలమేమిటి, మీ బలహీనత ఏమిటి అని. దీనికి పిల్లలు జవాబు ముందే కంఠస్థం చేసుకుని పోతారు. నా బలం కష్టపడి పనిచెయ్యడం, నా బలహీనత మరీ ఎక్కువ కష్టపడిపోవడం అంటారు! అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు, ఇది ఉత్తుత్తి జవాబని. అయినా ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న. ఉద్యోగం కోసం ఇరవై ఏళ్ళ పిల్లవాడిని అడిగే ఈ ప్రశ్నను, యాభై ఏళ్ళ మనిషి తనను తాను ఎందుకు అడుక్కోకూడదు? పరీక్షలు అయిపోయాయి గదా అంటారా? బళ్ళో పరీక్షలు అయిపోయాయి, నిజమే. బజారులో, బ్యాంకులో, ఆసుపత్రిలో, ఆఖరికి ఇంట్లో మనవడి చేతిలో ఉన్న ఫోను ముందు కూడా రోజూ ఏదో ఒక పరీక్ష రాస్తూనే ఉన్నాం కదా.

అయితే ఈ ప్రశ్నను సరిగా అర్థం చేసుకోవాలి. నాకు ఎంత వచ్చు, ఏమేమి రావు అనే జాబితా వేరు. నాకు విద్య ఏ దారిన లోపలికి వస్తుంది, ఎవరి దగ్గర నేర్చుకోగలను, ఎవరి దగ్గర కూర్చోలేను, ఎక్కడికి వచ్చేసరికి విసుగొచ్చి వదిలేస్తాను అనే లెక్క వేరు. మొదటిది అందరూ చెప్పగలరు. రెండోది మన పెద్దల్లో ఎంతమంది ఎప్పుడైనా వేసుకున్నారో నాకు అనుమానమే.

ఈ లెక్క ఎలా ఉంటుందో చూపడానికి దూరం వెళ్ళి ఉదాహరణలు తేనక్కరలేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు మన పాత శ్రీకాకుళం జిల్లా మనిషే. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది గాని, అన్నేళ్ళ చుట్టరికం అంత తొందరగా తెగుతుందా! 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో ఆయన పుట్టారు. పన్నెండేళ్ళ ప్రాయంలో తండ్రి పోయారు. విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఆ మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే పంతులుగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు.

ఆయన పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. నేనిక్కడ ఆ ఉద్యమం గురించి చెప్పబోవడం లేదు. ఆయన నేర్చుకున్న తీరు గురించి చెబుతాను.

చరిత్ర చెప్పే పంతులు కాబట్టి ముఖలింగం గుడిలోని శాసనాల మీద ఆయనకు మనసు పోయింది. ఆ పాత లిపులు చదవడం వచ్చినవారు దగ్గరలో ఎవరున్నారు? పుస్తకాలు సంపాదించి తనంతట తానే కూడబలుక్కుని నేర్చుకున్నారు. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా ఎఫ్.ఏ. పాసయ్యారు, ముప్పయ్యో ఏడు దాటాక బి.ఏ. పరీక్షలకు కూర్చున్నారు. పగలంతా పాఠం చెప్పి, రాత్రి తానే పాఠం చదువుకునే పంతులన్నమాట.

దాని తర్వాత జరిగినది ఇంకా ముఖ్యం. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలుండేవారు. మనకూ సవరలు కొత్త కాదు. పాలకొండ దాటి సీతంపేట వైపు వెళితే వారి గూడేలే. కొండ చీపుళ్ళు, చింతపండు, పసుపు తెచ్చి సంతలో అమ్ముకునేవారిని మనమందరం చూశాం. బేరం ఆడాం కూడా. వారి మాట ఒక్కటైనా నేర్చుకుందామని మనలో ఎవరికి తోచింది? రామమూర్తిగారికి తోచింది. నేర్చుకోవడానికి తగిన పుస్తకం లేదు. గురువు లేడు. ఆయన చేసిందేమిటంటే, తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని తీసుకొచ్చి ఇంట్లోనే ఉంచుకున్నారు. అతని నోట మాట విని, రాసుకుని, మళ్ళీ అడిగి, దిద్దుకుని నేర్చుకున్నారు. కొండలెక్కి సవరల మధ్య తిరిగారు. నేర్చుకున్న తర్వాత సవర పిల్లల కోసం వారి మాటలో పుస్తకాలు తయారుచేసి బళ్ళు పెట్టించారు.

ఇందులో ఆయన బలం ఎక్కడుందో చూడండి. జ్ఞాపకశక్తి, తెలివి ఉండే ఉంటాయి. కాని ఊళ్ళో పదిమంది నమస్కారం పెట్టే పంతులుగారు, ఇంటికి వచ్చి, చదువులేని మనిషి ఎదుట శిష్యుడిగా కూర్చోగలిగారు. నా దృష్టిలో అది అన్నిటికంటె పెద్ద బలం. చదువుకున్నవారి దగ్గర నేర్చుకోవడానికి ఎవరైనా సిద్ధపడతారు. మనకంటె తక్కువవాడని లోకం అనుకునే మనిషి దగ్గర నేర్చుకోవాలంటే గొంతుకు ఏదో అడ్డం పడుతుంది.

మరి బలహీనత? కొండల్లో తిరిగినందుకు ఆయనకు మలేరియా పట్టుకుంది. ఆ రోజుల్లో దానికి మందు క్వినైను. ఆ క్వినైను వాడకం వల్ల చెవుడు వచ్చింది. ఆలోచించండి. ఒక భాషను పుస్తకం లేకుండా చెవితోనే నేర్చుకున్న మనిషికి ఆ చెవే పోయింది. వడ్రంగికి చెయ్యి పోయినట్టే గదా. ఆయన అక్కడితో ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. 1911లో ఉద్యోగం నుంచి విరమించుకున్న మనిషి, 1931లో సవర భాషా వ్యాకరణం మద్రాసులో అచ్చయ్యేనాటికి 68 ఏళ్ళవాడు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చేనాటికి 75 ఏళ్ళవాడు. ఈ నడుమ 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరితే, అన్నేళ్ళు బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. చెవి ఉన్న రోజుల్లో విని రాసి పెట్టుకున్న రాత, చెవి పోయిన రోజుల్లో అక్కరకొచ్చింది. కుమారుడు సీతాపతిగారు కూడా సవర భాషలో పాటుపడినవారే. తన బలహీనతకు ఎదురుగా ఏ ఆసరా పెట్టుకోవాలో ఆయనకు తెలిసిందని నేననుకుంటాను.

ఇంకొక్క సంగతి చెప్పి ఆయన కథ ముగిస్తాను. తెలుగు పుస్తకాల భాష సంగతి ఆయన మొదట్నించీ పట్టించుకున్నవారు కారు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్సు అనే ఇంగ్లీషు దొర, తెలుగు నేర్చుకుంటూ, జనం మాట్లాడే భాష ఒకటి, పుస్తకాల్లో భాష వేరొకటి ఎందుకున్నాయని అడిగాడు. అప్పటికి పంతులుగారికి నలభై దాటాయి, పాతికేళ్ళకు పైగా పాఠాలు చెప్పిన అనుభవం ఉంది. "నీకు తెలుగేం తెలుసు దొరా" అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆ ప్రశ్న పట్టుకుని పాత గ్రంథాలన్నీ మళ్ళీ తిరగేశారు. మిగిలిన జీవితమంతా ఆ పనికే ధారపోశారు. పట్టిన పట్టు విడవకపోవడం ఆయన గుణం. అదే గుణం ఆయనకు ఎందరినో ప్రత్యర్థులనూ తెచ్చిపెట్టింది. బలం, బలహీనత రెండు వేరు వేరు సంచుల్లో ఉండవు. చాలాసార్లు ఒకే సంచిలో ఉంటాయి.

ఈ ఆఖరి మాట మన బజారులోకి తీసుకువద్దాం. మనవాళ్ళలో మెకానిక్కు పని చేసేవారు చాలామంది ఉన్నారు. పాత మిస్త్రీలను చూశారు గదా. బండి ఇంకా మలుపు తిరగకుండానే చప్పుడు విని కార్బురేటరులో చెత్త ఉందో, టాపెట్లు వదులయ్యాయో చెప్పేసేవారు. ఆ చెవి ఇరవై, ముప్పై ఏళ్ళ సాధన. ఏ కాలేజీలోనూ రాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాయి. కొత్త బళ్ళల్లో చాలావాటికి కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. లోపం ఎక్కడుందో చెప్పడానికి సెన్సారు, దాన్ని చదవడానికి స్కానరు. చప్పుడు విని పట్టేసే మిస్త్రీకి ఇప్పుడు తెర మీద అంకెలు చూడాల్సి వచ్చింది. ఆ మిస్త్రీలకు తెలివి తక్కువా? కానే కాదు. చెవి మీద ఉన్న నమ్మకం అంత గట్టిది కాబట్టే కంటికి పని చెప్పడం కష్టంగా ఉంది. "నా చెవి చాలు" అన్నవారు పాత బళ్ళతోనే ఉండిపోతున్నారు. "చెవి ఉంది, కన్నుకు సాయం కావాలి" అనుకున్నవారు పదో తరగతి చదివిన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని స్కానరు చదివించుకుంటున్నారు. కొడుక్కి చప్పుడు వినడం నేర్పుతున్నారు, కొడుకు దగ్గర తెర చదవడం నేర్చుకుంటున్నారు. సవర మాట వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకున్న పంతులుగారి పద్ధతే ఇది. మన మిస్త్రీకి ఆ సంగతి తెలియకపోవచ్చు.

దర్జీ పనిలోనూ ఇంతే, కిరాణా వ్యాపారంలోనూ ఇంతే. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక నోటి లెక్కలో దిట్టలైన దుకాణదారులు ఎంత అవస్థ పడ్డారో మీకు నేను చెప్పాలా! నోటి లెక్క బాగా వచ్చినవాడికే కాగితం మీద లెక్క బరువనిపిస్తుంది.

పని బాగా వచ్చిన మనిషి మళ్ళీ శిష్యుడు కావడం ఎంత కష్టమో, చేస్తే ఎంత ఫలితమో చెప్పడానికి నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానాగారిని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. నాదస్వరం వారి ఇంటి విద్య. ఇంట్లోనూ, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి దగ్గరా నేర్చుకుని మన ఆంధ్రదేశంలో పేరు తెచ్చుకున్నారు. కచేరీలు వస్తున్నాయి, జనం మెచ్చుకుంటున్నారు. ఇంకేం కావాలి? అటువంటి మనిషికి తంజావూరు బాణీ మీద మనసు పడింది. తన వాయిద్యంలో తనకు రానిది అందులో ఏదో ఉందని చెవికి తెలిసింది. తమిళ దేశం వెళ్ళి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం పిళ్ళై, దురైకణ్ణు పిళ్ళైల దగ్గర ఆ బాణీ నేర్చుకున్నారు. (గురువుగారి పేరు కూడా రాజమే! మన ఊరి పేరు వినగానే నాకు ఆయన గుర్తుకు రావడానికి అదొక కారణం.) తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ ఇచ్చారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో సత్కరించింది. తాను నేర్చుకున్న విద్య పదిమందికీ అందాలని 1982లో శ్రీరంగంలోనే సంగీతాశ్రమం పెట్టారు. 1999లో కాలం చేశారు.

ఆయన బిరుదులు అందరికీ తెలిసినవే. ఆ బిరుదులకు ముందున్న రోజును నేను ఊహించుకుంటాను. తన ఊళ్ళో విద్వాంసుడు అనిపించుకున్న మనిషి, భాష కాని భాష ఉన్న ఊళ్ళో, మళ్ళీ మొదటి నుంచి వాయించి చూపించడం. వచ్చిన విద్యను కాస్త పక్కన పెట్టాలి గదా, లేకపోతే కొత్తదానికి చోటుండదు. పిల్లవాడికి ఈ బాధ లేదు. వాడి బుర్ర ఖాళీ పలక. పెద్దవాళ్ళది రాసి ఉన్న పలక. ఎక్కడ తుడవాలో, ఎక్కడ ఉంచాలో తెలుసుకోవడం పెద్దవాళ్ళకు మాత్రమే ఉన్న ఇబ్బంది.

ఇక మన బలహీనతల్లో మనకు కనిపించకుండా దాక్కునేది ఒకటుంది. వచ్చేసిందనుకోవడం. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కాలేజీ విద్యార్థుల మీద ఒక పరీక్ష చేశారు. చిన్న పాఠం ఇచ్చి, కొందరిని అదే పాఠం మళ్ళీ మళ్ళీ చదవమన్నారు. కొందరిని ఒకసారి చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవారే బాగా చెప్పారు. వారం రోజుల తర్వాత అడిగితే తారుమారయింది. మూసి రాసినవారికే ఎక్కువ గుర్తుంది. తమాషా ఏమిటంటే, మాకు బాగా గుర్తుంటుంది అని ధీమాగా ముందే చెప్పినవారు మళ్ళీ మళ్ళీ చదివినవారే! చదువుతున్నప్పుడు గడగడా సాగిపోతుంది గనక వచ్చేసిందనిపిస్తుంది. మూసి చెప్పమంటే తడబడతాం గనక రాలేదనిపిస్తుంది. నిజానికి ఆ తడబాటులోనే విద్య గట్టిపడుతోంది.

ఇది వినగానే మన మదర్సాలో హిఫ్జ్ చేసే పిల్లలు నవ్వుతారు. వారికిది ఎప్పటినుంచో తెలుసు. ఏ రోజు సబక్ ఆ రోజు చూడకుండా ఉస్తాదుకు అప్పజెప్పాలి. అంతటితో అయిపోతుందా? పాత భాగం, మంజిల్ అంటారు, అది కూడా వంతులవారీగా రోజూ అప్పజెప్పుతూనే ఉండాలి. అప్పజెప్పడం మానేస్తే హాఫిజుకైనా జారిపోతుంది. మన తెలుగు వీధి బడుల్లోనూ ఎక్కాలు, పద్యాలు ఇలాగే అప్పజెప్పించుకునేవారు. పెద్దవాళ్ళమయ్యాక ఎవరికి అప్పజెబుతున్నాం? ఫోనులో ఒక డాక్టరుగారి ప్రసంగం వింటాం, బాగుంది అంటాం, పదిమందికి పంపిస్తాం. సాయంత్రం భార్య "ఏం చెప్పారేమిటి డాక్టరుగారు" అని అడిగితే తెల్లమొహం వేస్తాం. విన్న వెంటనే ఎవరో ఒకరికి నోటితో చెప్పి చూడండి. ఎంత వచ్చిందో, ఎంత రాలేదో అక్కడే తేలిపోతుంది.

పెద్దవాళ్ళకు బలహీనతలేనా, బలం లేదా అని అడగవచ్చు. ఉంది, పిల్లలకు లేనంత ఉంది. నెల్లూరు జిల్లాలో 1990ల తొలి రోజుల్లో వయోజన విద్య తరగతులు పెట్టారు. పగలంతా కూలిపని చేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి పూట లాంతరు దగ్గర అక్షరాలు దిద్దారు. వాచకంలో తమ బతుకులాంటి కథే కనిపించేసరికి, మరి మన ఊళ్ళో సారా దుకాణం సంగతేమిటి అన్నారు. దూబగుంటలో మొదలైన ఆ కదలిక 1992లో జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదే పాఠం ఆరో తరగతి పిల్లవాడు చదివితే అయిదు మార్కుల ప్రశ్న. ఆ తల్లులు చదివితే ఇంటి సంగతి. పెద్దవాడు ఒక అక్షరం నేర్చుకుంటే దాని వెనక నలభై ఏళ్ళ బతుకు నిలబడుతుంది. ఆలస్యంగా నేర్చుకుంటాం, నిజమే. నేర్చుకున్నది ఎక్కడ వాడాలో మనకు వెంటనే తెలుస్తుంది.

అందుచేత ఇక్కడున్న ఆపాలకు, ఖాలాలకు ఒక మాట. ఏడో తరగతిలో, ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయినవారు మీలో చాలామంది ఉన్నారు. పెళ్ళి వల్లనో, బడి దూరం వల్లనో, తమ్ముళ్ళను ఎత్తుకోవలసి రావడం వల్లనో ఆగింది. మీ తెలివి వల్ల ఆగలేదు. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం 1991 నుంచి ఉంది. పదో తరగతికి 14 ఏళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. కూతురూ తల్లీ ఒకే ఏడాది పది రాసినా అడ్డు చెప్పేవారు లేరు. నవ్వేవారు ఉండవచ్చు. నాలుగు రోజులు నవ్వుతారు, అయిదో రోజు వాళ్ళ కోడలికి ఫారం ఎక్కడ దొరుకుతుందని మిమ్మల్నే అడుగుతారు.

భాషల సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళల్లో కొందరికి ఇంటి మాట ఉర్దూ, కొందరికి తెలుగే. బజారులో తెలుగు, బడిలో ఇంగ్లీషు. "మా పిల్లవాడికి ఏ భాషా పూర్తిగా రాదండీ" అని తల్లులు నాతో దిగులుపడతారు. దిగులు నిజమే గాని, రెండు మూడు భాషల మధ్య పెరగడం బలహీనత అని ఎవరన్నారు? బలిజిపేట దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథకు పితామహులు. ఆయన పారశీకం కూడా నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ ఆలీషాగారు సంస్కృతాంధ్రాలు నేర్చిన ముస్లిం కవి. ఆయనా అదే ఖయ్యాంను తెలుగు చేశారు. ఒకరు అటునుంచి ఇటు, ఇంకొకరు ఇటునుంచి అటు నడిచి ఒకే తోటలో కలుసుకున్నారన్నమాట. ఇంటి భాష కానిదాన్ని వారిద్దరూ పరాయిదనుకోలేదు.

ఇంతసేపు ఇతరుల లెక్క చెప్పి నా లెక్క దాచుకోవడం న్యాయం కాదు. నాకు విన్నది నిలుస్తుంది, చదివింది జారిపోతుంది. కనుక ముఖ్యమైన కాగితం ఏదైనా మనవరాలి చేత పైకి చదివించుకుంటాను. అంకెలు పట్టుబడతాయి, మనుషుల పేర్లు పట్టుబడవు. పిల్లల దగ్గర నేర్చుకోవడానికి నాకు నామోషీ లేదు. నా ఈడువాళ్ళ దగ్గర నేర్చుకోవాలంటే మాత్రం ఇప్పటికీ కొంచెం బిగుసుకుంటాను. ఇది ఎందుకో నాకు తెలియదు, అలాగే ఉంది. ఇంకొకటి. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాను గాని ఉర్దూ లిపి చదవలేను. మా అబ్బా రాసిన ఉత్తరాలు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. అన్నీ ఉర్దూలోనే. ఒకరిచేత చదివించుకోవచ్చు. కాని కొన్ని ఉత్తరాలు పైకి చదివించుకునేవి కావు, మనిషి తానే చదువుకోవలసినవి. అలిఫ్, బే దగ్గర మొదలుపెట్టాలంటే ఉస్తాదు నా ఈడువాడే దొరికాడు. చూశారా, నా బలహీనత సరిగ్గా అక్కడే కాపు కాసింది! అయినా శుక్రవారాలు మధ్యాహ్నం నమాజు తర్వాత కూర్చుంటున్నాం. అక్షరాలు వేరువేరుగా ఉంటే గుర్తుపడుతున్నాను. కలిపి రాస్తే ఇంకా తికమకే.

ఇలాంటి లెక్క ఒంటరిగా వేసుకుంటే సగం తప్పుతుంది. మన వీపు మనకు కనపడదు. ఇంటాయన ఎక్కడ విసుక్కుంటాడో ఇల్లాలికి తెలుసు. తండ్రి ఏది రెండుసార్లు చెబితేగాని పట్టుకోడో కొడుక్కి తెలుసు. అడిగితే చెబుతారు. అడగడానికే మనకు నోరు రాదు. ఇవాళ రాత్రి భోజనాల దగ్గర అడిగి చూడండి. జవాబు వినేటప్పుడు కోపం తెచ్చుకోకండి, అంతే.

కార్యవర్గంవారికి ఒక మనవి చేస్తున్నాను. సంఘం గదికి ఆదివారం సాయంత్రాలు తాళం వేసే ఉంటోంది. ఆ గదిని వారానికి ఒక గంట పెద్దవాళ్ళ చదువుకు ఇవ్వండి. జీతం ఇచ్చి పంతుల్ని పెట్టనక్కరలేదు. మనలోనే స్కానరు వచ్చిన కుర్రవాళ్ళున్నారు, జి.ఎస్.టి. రిటర్నులు వేసే అమ్మాయిలున్నారు, చప్పుడు విని బండి జబ్బు చెప్పే మిస్త్రీలున్నారు, ఉర్దూ చక్కగా రాసే చాచాలున్నారు, ఎంబ్రాయిడరీలో చెయ్యి తిరిగిన ఆపాలున్నారు. ఎవరికి ఏది వచ్చో, ఎవరికి ఏది కావాలో ఒకరికొకరికి తెలియకపోవడమే లోటు.

అధ్యక్షులవారి అనుమతితో గుమ్మం పక్కనున్న బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. ప్రతి పేజీలో రెండు గళ్ళు గీసి ఉన్నాయి. ఒక గడిలో మీరు నేర్పగలిగింది, రెండో గడిలో మీరు నేర్చుకోదలచింది రాయండి. రాయడం రానివారు పక్కనే కూర్చున్న పిల్లలకు చెబితే వారు రాస్తారు. మొదటి గడి ఖాళీగా వదిలి రెండోదే నింపకండి. రెండోది వదిలి మొదటిదే నింపినవారి పేజీ కూడా చెల్లదు. వచ్చే ఆదివారం అసర్ తర్వాత గది తీసి ఉంటుంది. తాళం చెవి కార్యదర్శిగారి దగ్గరే ఉంది, గుర్తు చెయ్యవలసిన బాధ్యత మనది.

 ఇక పిల్లల బహుమతులు ఆలస్యం చెయ్యకూడదు.